చల్లగానే ఉంది, చారెడే వస్తోంది

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్నగారు 1996లో కొన్న తెల్ల అంబాసిడర్, ఇసుజు ఇంజను ఉన్న 1800 పెట్రోలు బండి, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆయన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. పోయి నాలుగేళ్ళయింది. బండి అమ్మడానికి అమ్మ ఒప్పుకోదు, నాకూ మనసు రాదు. కొన్న రెండేళ్ళకు నాన్నగారు డాష్‌బోర్డు కింద ఏసీ పెట్టించారు. ఇప్పుడు బాధంతా దానితోనే. బ్లోయరు మూడో నంబరులో పెట్టినా చప్పుడే తప్ప గాలి రాదు. వచ్చే కాస్త గాలి మాత్రం మంచులా ఉంటుంది. నెలకోసారి అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి విజయవాడ తీసుకొస్తాను. మంగళగిరి దాటేసరికి ఆ కాస్త గాలీ ఆగిపోతుంది. వెనక సీట్లో అమ్మ చెమటతో తడిసిపోతుంది. పైగా ఏసీ వేస్తే చాలు, ఇద్దరికీ తుమ్ములు. రెండుసార్లు గ్యాస్ నింపించాను. ఇప్పుడేమో కంప్రెసరు మార్చాలంటున్నారు. ఇంకొకాయన మొత్తం పీకేసి కొత్త కారు యూనిట్ పెడతానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: కంప్రెసరు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. "వచ్చే కాస్త గాలి మాత్రం మంచులా ఉంటుంది" అని రాశారు చూడండి, సగం జవాబు ఆ వాక్యంలోనే ఉంది. కంప్రెసరు పోయినా, గ్యాస్ పూర్తిగా అయిపోయినా గాలి ధారాళంగానే వస్తుంది, కాకపోతే వేడిగా వస్తుంది. మీ బండిలో జరుగుతున్నది దీనికి తలకిందులు. కుండలో నీళ్ళు చల్లగానే ఉన్నాయి, గ్లాసులోకి రావడం లేదు. అలాంటప్పుడు కుండ మార్చమంటే ఎలా?

కారు ఏసీలో రెండు పనులు జరుగుతాయి, వాటిని కలిపేసి చూడటం వల్లే ఈ తిప్పలన్నీ. కంప్రెసరు, ముందు జాలీ దగ్గరుండే కండెన్సరు, గ్యాస్ కలిసి డాష్‌బోర్డు కింద ఉన్న కూలింగ్ కాయిల్‌ను చల్లబరుస్తాయి. అది ఒక పని. ఆ కాయిల్ మీదుగా గాలిని తోలి మన ముఖాన కొట్టడం ఇంకో పని, అది చేసేది బ్లోయరు. మీకు చిక్కు వచ్చింది రెండోదాంట్లో. ఆటోనగర్‌లో, మీ గుంటూరులో అయినా మా విజయవాడలో అయినా, ఏసీ అనగానే మెకానిక్ చెయ్యి గ్యాస్ ఒత్తిడి చూసే గేజీల మీదికే పోతుంది. గ్యాస్ నింపడం అరగంట పని, డబ్బు అప్పటికప్పుడు చేతికొస్తుంది. అంబాసిడర్ డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, కంట్లో తుప్పు రాలుతుంటే స్క్రూలు విప్పే ఓపిక ఎవరికుంది? వాళ్ళను తప్పుపట్టను. రోహిణి కార్తెలో ఆ పని నేనూ చెయ్యను, తెల్లవారుజామున అయితే తప్ప.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వంటింట్లో వాడే థర్మామీటరు గానీ, చేపల తొట్టెలో పెట్టేది గానీ సంపాదించండి. జ్వరం చూసుకునేది పనికిరాదు, దానికి అంత కిందికి అంకెలు ఉండవు. బండి నీడలో పెట్టి, అద్దాలు మూసి, ఇంజను కొద్దిగా రేజ్ చేసి, పది నిమిషాలు ఏసీ నడిపి, గాలి వచ్చే జాలీలోకి దాని కొన పెట్టి చూడండి. పది డిగ్రీలకు అటూ ఇటూగా చూపిస్తే చల్లబరిచే పక్షం తన పని తాను చేస్తున్నట్టే. ఆ అంకెను ఒక కాగితం ముక్క మీద రాసి జేబులో పెట్టుకోండి, ఈసారి ఎవరైనా "గ్యాస్ అయిపోయింది సార్" అంటే చూపించవచ్చు.

ఇక మీ తుమ్ముల సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అదే, ఏమీ అనుకోకండి. డాష్‌బోర్డు కింద తగిలించే ఈ పాత యూనిట్లు బయటి గాలి పీల్చవు. కారు లోపలి గాలినే, అదీ ఎడమ పక్క కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర నుంచి పీల్చి, కాయిల్ మీదుగా తిప్పి మళ్ళీ లోపలికే వదులుతాయి. ఇప్పటి కార్లలో గాలి దారికి అడ్డంగా ఫిల్టర్ ఉంటుంది. వీటికి అదేమీ లేదు. కాలి పట్టా మీద ఏది ఉంటే అది నేరుగా కాయిల్‌లోకి పోతుంది. మీ నాన్నగారు ఎన్నో ఏళ్ళు యార్డు నుంచి ఇంటికీ, ఇంటి నుంచి యార్డుకీ ఈ బండిలోనే తిరిగి ఉంటారు. సీటు కింద మచ్చు సంచులు, డిక్కీలో అప్పుడప్పుడూ ఒక టిక్కీ (మిర్చి బస్తా), చెప్పులకు అంటిన మిరప పొట్టు. గుంటూరు యార్డు గేటు దాటితే గాలే ఘాటు. ఆ గాలి ఇరవై ఏళ్ళకు పైగా ఎక్కడికి పోయిందనుకుంటున్నారు?

నేను ఒకసారి కళ్ళారా చూశాను. యార్డులో వ్యాపారం చేసే ఒకాయన కాంటెస్సా కారు, దానిదీ ఇదే ఫిర్యాదు. కేసు విప్పేసరికి కాయిల్ కనపడలేదు. దాని ముఖమంతా ఇటుకరంగు దుప్పటి ఒకటి పరుచుకుని ఉంది. దుమ్ము, పొట్టు, మనుషుల వెంట్రుకలు, సీటు కవరు నూలు పోగులు అన్నీ పెనవేసుకుపోయి గట్టి కంబళి ముక్కలా తయారయ్యాయి. మిరప పొట్టులో నూనె జిడ్డు ఉంటుంది. ఏసీ నడిచినంతసేపూ కాయిల్ మీద నీరు పడుతుంది. జిడ్డూ తడీ కలిస్తే ఇంకేముంది, పట్టుకున్నది వదలదు. కుర్రాడు ఒక మూల గోటితో పట్టి లాగితే పెనం మీద అట్టు లేచినట్టు ఒక్క ముక్కగా లేచి వచ్చింది. మధ్యలో రెండు మిరప గింజలు, ఒక బస్సు టికెట్టు. ఆ తర్వాత పావుగంట షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు, అందరమూ తుమ్ముతూనే ఉన్నాం. ఆ యజమాని తప్ప. ఆయనకు అలవాటు.

కాయిల్ రేకుల మధ్య సందు రెండు మిల్లీమీటర్లకు మించి ఉండదు. దాని మీద ఆ కంబళి పడితే బ్లోయరు ఎంత గింజుకున్నా గాలి రాదు. చప్పుడు మాత్రం వస్తుంది, మీరు రాసినట్టే. కాబట్టి నా అసలు అనుమానం కాయిల్ మీదే. దాన్ని చూడటానికి గ్యాస్ పైపులు విప్పక్కర్లేదు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, యూనిట్ అడుగు మూత గానీ బ్లోయరు మోటారు గానీ విప్పితే చెయ్యి పట్టేంత సందు దొరుకుతుంది. ఫోన్‌లో టార్చి వేసి, వీడియో తీస్తూ ఫోన్‌ను లోపల తిప్పండి. బయటికి తీసి తాపీగా చూసుకోవచ్చు, మెడ పట్టేయదు.

బూజు పలచగా ఉంటే అక్కడే శుభ్రం చేయవచ్చు. ముందు నీళ్ళు చిలకరించి తడపండి. పొడిగా ఉన్నప్పుడు బ్రష్ పెడితే ఆ ఘాటు బ్రాడీపేట రెండో లైను దాకా పోతుంది. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆ చేత్తో కళ్ళు నలుపుకోకండి అని గుంటూరు మనిషికి నేను చెప్పాలా! మెత్తని బ్రష్‌తో రేకులు నిలువుగా ఉంటే నిలువుగానే దువ్వాలి, అడ్డంగా రుద్దితే రేకులు మడతపడి ఉన్న సందు కూడా మూసుకుపోతుంది. ఏసీ సామాన్ల కొట్లలో కాయిల్ శుభ్రం చేసే నురగ దొరుకుతుంది, ఆమ్లం లేనిది అడిగి తీసుకోండి. కొందరు బాత్‌రూమ్ కడిగే యాసిడ్ కలిపి కొడతారు. తళతళలాడుతుంది, ఆరు నెలలకు కాయిల్‌కు చిల్లు పడుతుంది. బండ్లు కడిగే ప్రెషర్ గన్ కూడా వద్దు, అల్యూమినియం రేకులు అరిటాకుల్లా వాలిపోతాయి.

నేను చెప్పిన కంబళి లాంటిది ఉంటే మాత్రం కాయిల్ బయటికి తీయక తప్పదు. అప్పుడు గ్యాస్ తీయాలి, తిరిగి బిగించేటప్పుడు పైపుల అతుకుల్లో వేసే రబ్బరు 'ఓ' రింగులు కొత్తవి, తడిని పీల్చే డ్రయ్యరు కొత్తది వేయాలి, పంపుతో లోపలి గాలి లాగేసి కనీసం అరగంట వాక్యూమ్ పట్టాలి, ఆ తర్వాతే గ్యాస్. ఎక్కడ చేయించినా ఈ నాలుగూ మీ కళ్ళ ముందు జరగనివ్వండి. పనిలో పనిగా డ్రైన్ పైపు కూడా. కాయిల్ మీద పడ్డ నీరు కారు కిందికి కారిపోయే సన్న రబ్బరు గొట్టం అది. అందులో బురద గడ్డకడితే నీరు కేసులోనే నిలిచి కాయిల్ అడుగు భాగాన్ని ముంచేస్తుంది. ఎడమ పక్క కాలి పట్టా ఎప్పుడైనా తడిగా అనిపించిందా? తడి గోనెసంచి వాసన? ఉంటే అదే.

కాయిల్ అయ్యాక బ్లోయరు వీలు, అంటే గాలిని తోలే చక్రం. గుండ్రని పంజరంలా, చుట్టూ సన్నని వంపు రేకులతో ఉంటుంది. ఆ వంపుల గుంటల్లో దుమ్ము గడ్డకడితే గరిటలో ముద్ద అంటుకుపోయినట్టే, తోడటానికి చోటుండదు. పాత టూత్‌బ్రష్ పుచ్చుకుని ఒక్కో రేకూ తోమాలి. విసుగు పుట్టే పని, కానీ ఖర్చు లేదు.

వీలు ఊడదీశారంటే తిరిగి బిగించేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇక్కడ నా సొంత కథ చెప్పాలి. కొన్నేళ్ళ కిందట నా పద్మిని కారుకు బ్లోయరు మోటారు కాలిపోతే ఒకచోట కొత్తది వేయించాను. మోటారు కొత్తది, చప్పుడు కొత్తది, గాలి మాత్రం పాతదానికన్నా తక్కువ! మూడు వారాలు ఎండలో తిరుగుతూ కాయిల్‌ను తిట్టుకున్నాను. ఒక రాత్రి కరెంటు పోయి చేతిలో టార్చి ఉండగా ఎందుకో బుద్ధిపుట్టి, బ్లోయరు వేసి ఆపి, ఆగిపోయే ముందు వీలు మెల్లగా తిరుగుతున్నప్పుడు చూశాను. వెనక్కి తిరుగుతోంది. రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు కలిపారు. మామూలు ఫ్యాను వెనక్కి తిరిగితే గాలి వెనక్కి పోతుంది, వెంటనే తెలిసిపోతుంది. ఈ పంజరం వీలు అలా కాదు. ఎటు తిరిగినా గాలిని ముందు దారినే తోలుతుంది, వెనక్కి తిరిగితే బాగా తక్కువ తోలుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. రేకుల గుంట ఎటు చూస్తుందో వీలు అటు తిరగాలి, గరిటతో సాంబారు తోడేటప్పుడు గుంట ముందుకు ఉన్నట్టు. మీ యూనిట్‌లో మోటారుకు రెండు వైపులా రెండు చక్రాలు ఉంటే కుడిది కుడికి, ఎడమది ఎడమకే బిగించాలి. అవి చూడటానికి కవలల్లా ఉంటాయి, వంపు మాత్రం వేరు. విప్పేటప్పుడే వాటి మీద గుర్తు పెట్టుకోండి. మీ బండికి కూడా ఇన్నేళ్ళలో ఎప్పుడైనా మోటారు మార్చి ఉంటే, ముందు ఈ టార్చి పరీక్ష చేసి చూడండి.

తర్వాత కరెంటు. పాత బండ్లలో గాలిని తినేసే దొంగ ఇదే, ఎంతకీ దొరకడు. ఒక మల్టీమీటరు కావాలి. ఇంజను కాస్త రేజ్‌లో ఉంచి, హెడ్‌లైట్లు ఆపి, బ్లోయరు మూడో నంబరులో పెట్టి, బ్యాటరీ మీద ఎంత ఉందో చూడండి. పద్నాలుగుకు కొంచెం అటూ ఇటూ ఉండాలి. ఇప్పుడు బ్లోయరు మోటారుకు వెళ్ళే రెండు వైర్ల మీదే, అది తిరుగుతుండగా చూడండి. అర వోల్టు తేడా ఉంటే ఫరవాలేదు, ఒకటి దాటితే వెతకాలి. నా పద్మినిలో బ్యాటరీ దగ్గర 13.9 ఉంటే మోటారు దగ్గర 10.8 మాత్రమే వచ్చింది. మూడు వోల్టులు దారిలోనే ఆవిరి! మోటారుకు అందే కరెంటు ఎంత తగ్గితే వీలు అంత నెమ్మదిస్తుంది, గాలి అంత తగ్గుతుంది.

అది ఎక్కడ పోతుందో మీ చెయ్యే చెబుతుంది. పావుగంట బ్లోయరు నడిపి, స్విచ్చు వెనక వైర్లు కలిసే కప్లర్లను, ఫ్యూజు పెట్టెను ముట్టుకోండి. వేడిగా తగిలిన చోట, ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగిన చోట మీ గాలి తగలబడుతోందని అర్థం. నాకు ఎక్కువగా ఎర్త్ దగ్గరే దొరుకుతుంది. బ్లోయరు నుంచి వచ్చే నల్ల వైరు డాష్‌బోర్డు కింద ఏదో ఒక స్క్రూకు బిగించి ఉంటుంది. ఆ స్క్రూ కింద ఎప్పుడో ఒకసారి బండికి వేసిన రంగు, దాని కింద తుప్పు. పైకి చూస్తే బిగువుగానే ఉంటుంది. విప్పి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, నక్షత్రం వాషరు వేసి బిగిస్తే నా బండిలో ఒకటిన్నర వోల్టు తిరిగొచ్చింది. మొత్తం ఖర్చు ఒక గరుకు కాగితం.

మిగతాది స్విచ్చు తింటుంది. బ్లోయరు లాగే కరెంటంతా ఆ చిన్న స్విచ్చు గుండా పోవడం ఆ కాలపు పద్ధతి. పాతబడ్డ స్విచ్చు అంత భారం మోయలేదు. దానికి మందు రిలే. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి తెచ్చి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు వేసి, రిలే మీద 30 అని రాసిన కాలికి కలపాలి. 87 నుంచి మోటారుకు. స్విచ్చు మూడో నంబరు నుంచి మోటారుకు వెళ్ళే పాత వైరును మోటారు దగ్గర విడదీసి 86కు కలపాలి, 85 ఎర్త్‌కు. ఒకటి, రెండు నంబర్లు ఎప్పటిలాగే పాత దారినే పోతాయి. ఇకమీదట మూడో నంబరులో స్విచ్చు కేవలం సైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ అయినా గంటలో చేస్తాడు. ఫ్యూజు మాత్రం మరిచిపోనివ్వకండి. ఫ్యూజు లేని లావుపాటి వైరు బాడీకి రాసుకుందంటే అమ్మగారి బండి కాలిపోతుంది. ఇంకో మాట, చాలా పాత బ్రిటిష్ వంశపు బండ్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్‌నే బాడీకి కలిపే పద్ధతి, ఉండేది. మీ 1996 ఇసుజుది నెగటివే కాబట్టి ఆ గొడవ లేదు, కానీ పాత మోరిస్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి నేరుగా కలిపేస్తారేమోనని చెబుతున్నాను.

బ్యాటరీ దగ్గరే పద్నాలుగు రాకపోతే బెల్టు చూడండి. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకన్నా దిగితే జారుతున్నట్టే.

ఇక మంగళగిరి. గుంటూరులో బయల్దేరినప్పుడు కాస్తయినా వస్తున్న గాలి మంగళగిరి దాటాక ఆగిపోతోందన్నారు. అంటే అరగంట, ముప్పావుగంట ప్రయాణం. కాయిల్ మీద మంచు కడుతోందని నా నమ్మకం. కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగితే దాని మీద పడే నీరు పేరుకుని రేకుల సందులు మూసేస్తుంది. గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కాయిల్ ఇంకా చల్లబడుతుంది, మంచు ఇంకా పెరుగుతుంది. చివరికి డాష్‌బోర్డు కింద ఒక మంచుగడ్డ, బ్లోయరు దానికి విసనకర్ర. అనుమానం తీర్చుకోవడం తేలిక. ఈసారి మంగళగిరి దగ్గర గాలి ఆగినప్పుడు ఏసీ ఆపేసి బ్లోయరు మాత్రం నడవనివ్వండి. తాడేపల్లి దాటి వారధి ఎక్కేసరికి గాలి మళ్ళీ పుంజుకుని, బండి ఆపాక కింద మామూలుకన్నా ఎక్కువ నీరు కారితే మంచేనని ఖాయం.

ఇలా గడ్డకట్టకుండా చూసే కాపలాదారు థర్మోస్టాట్. దాని నుంచి సన్నని రాగి గొట్టం ఒకటి వచ్చి కాయిల్ రేకుల మధ్య దూరి ఉండాలి. కాయిల్ గడ్డకట్టే చలికి దగ్గర పడగానే అది కంప్రెసరును ఆపుతుంది, ముందు నుంచి "టక్" మని వినిపిస్తుంది. కొంచెంసేపటికి మళ్ళీ "టక్". మీ బండిలో ఆ చప్పుడు ఈ మధ్య విన్నారా? అరగంటలో ఒక్కసారీ వినపడకపోతే ఆ గొట్టం ఊడి బయట వేలాడుతోందేమో చూడండి. ఎవరో ఎప్పుడో కేసు విప్పి, తిరిగి దూర్చడం మరిచిపోవడం మామూలే. దూర్చి ఉండి కూడా కటాఫ్ కాకపోతే థర్మోస్టాట్ మార్చాలి, అది చవకే.

వినడానికి వింతగా ఉంటుంది గానీ, గ్యాస్ కాస్త తగ్గినా మంచు కడుతుంది. లోపలి ఒత్తిడి పడిపోయి కాయిల్ మొదటి వరసలు సున్నా కిందికి పోతాయి. కాబట్టి మీకు గ్యాస్ నింపినవాళ్ళది పూర్తిగా అబద్ధమని నేను అనను. కానీ రెండుసార్లు నింపాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతోంది, ఆ చోటు వెతకకుండా నింపడం చిల్లి కుండలో నీళ్ళు పోయడమే. ఇంకో ప్రశ్న, వాళ్ళు ఏ గ్యాస్ నింపారు? మీ ఏసీ 1998 నాటిది. అది పాత ఆర్12తో వచ్చి ఉండవచ్చు. ఓజోను పొరను తినే ఆ గ్యాస్ తయారీని మన దేశంలో 2010 నాటికే ఆపేశారు. ఇప్పుడు నింపేది ఆర్134ఏ. దానికి నూనె వేరు, రబ్బర్లు వేరు, డ్రయ్యరు వేరు. ఇవేవీ మార్చకుండా పాత దాంట్లో కొత్తది కుక్కితే కంప్రెసరుకు నూనె అందక నిజంగానే పోతుంది. గ్యాస్ ఎక్కించే మూతి మరచుట్టుతో ఉంటే ఆర్12 కాలపుది, నొక్కితే టక్కున పట్టేసే రకమైతే కొత్తది. చవక అని చెప్పి మండే గ్యాస్ నింపుతామనేవాళ్ళు కూడా తగులుతారు. డాష్‌బోర్డు కింద తుప్పు వైర్లున్న బండిలో అది వద్దు.

మొత్తం పీకేసి కొత్త కారు యూనిట్ పెడతాననే ఆయన సంగతి. పెట్టవచ్చు, పని చేస్తుంది కూడా. కానీ దానికి డాష్‌బోర్డు కోయాలి. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, కోసిన రేకును మళ్ళీ కొనుక్కోలేరు. పైన చెప్పినవన్నీ చేశాక కూడా గాలి చాలకపోతే అప్పుడు ఆలోచిద్దాం. పెద్ద మోటారు వేస్తాననేవాళ్ళకూ ఇదే మాట. అదే దారిలో గాలి రెట్టింపు కావాలంటే మోటారు ఎనిమిది రెట్లు శక్తి లాగాలి. కంబళి కప్పుకున్న కాయిల్ వెనక పెద్ద మోటారు పెడితే పెద్ద చప్పుడు వస్తుంది, అంతే.

అమ్మగారి కోసం ఒక పని ఈ రోజే చేయండి. డాష్‌బోర్డు కింది యూనిట్ మోకాళ్ళ ఎత్తులో ఉంటుంది. అంబాసిడర్ ముందు సీటు గోడలా అడ్డం. నేరుగా వదిలిన గాలి సీటు వీపుకు కొట్టుకుని అక్కడే చతికిలపడుతుంది. జాలీ రేకులను వీలైనంత పైకి తిప్పండి, గాలి కప్పును తాకేలా. చల్లగాలి బరువు, పైకి తోలితే వెనక్కి పోయి తనే కిందికి దిగుతుంది. ముందు సీటు వెనక ఒక చిన్న 12 వోల్టుల ఫ్యాను బిగిస్తే ఇంకా మేలు. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపి, లోపలి వేడి సెగ పోయాకే ఏసీ వేయండి. గేరు రాడ్డు, పెడళ్ళు వచ్చే కంతల చుట్టూ రబ్బర్లు చిరిగి ఉంటే ఇంజను వేడి అక్కడి నుంచే లోపలికి వస్తుంటుంది, అవి కూడా మార్పించండి.

శుభ్రం చేశాక గాలి పీల్చే చోట దోమతెర ముక్క ఒకటి బిగించండి. మెత్తని కారాన్ని అది ఆపలేదు గానీ పొట్టునూ, గింజలనూ, వెంట్రుకలనూ ఆపుతుంది. స్పాంజి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, నెల తిరిగేసరికి అదే కొత్త కంబళి. తెరను నెలకోసారి తీసి దులపాలి, అమ్మగారి కంటి డాక్టరు దగ్గరికి వచ్చే ముందు రోజు పెట్టుకుంటే గుర్తుంటుంది.

వరస ఇలా పెట్టుకోండి: ముందు మీటరు, టార్చి, ఎర్త్ స్క్రూ, తర్వాత కాయిల్, ఆ తర్వాత థర్మోస్టాట్ గొట్టం, గ్యాస్ అన్నిటికన్నా చివర. మీటరు చూపించిన రెండు అంకెలూ, బ్యాటరీ దగ్గరిదీ మోటారు దగ్గరిదీ, రాసి పంపండి. కాయిల్ ఫోటో కూడా పంపండి, ఎన్ని మిరప గింజలు దొరికాయో చూడాలని ఉంది.